రెండు కార్తికాలకు కాగితపు పడవలు: రాయగడ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు 14, ఆదివారం

బీరువా మీద మూడేళ్ళుగా పేరుకుపోయిన పిల్లల పాత నోటు పుస్తకాలను ఈ రోజు కిందికి దించి, అట్టలూ పిన్నులూ తీసివేసి తూచాను. నాలుగు కిలోల మూడు వందల గ్రాములు తేలింది. వీటిని పాత పేపర్లవాడికి వేయకుండా నానబెట్టి, చేత్తో కాగితం తీసి, దీపావళికి ఇరుగుపొరుగు ఇళ్ళకు ఇచ్చే మిఠాయి పెట్టెలనూ కార్తిక పూర్ణిమ తెల్లవారుజామున నీటిలో వదిలే పడవలనూ చేయాలని నిశ్చయించుకున్నాను. ఒడిశాలోని మా ఊరికి ఆనుకొని ఉన్న జేకేపూర్‌లో 1962 నుంచి పెద్ద కాగితపు మిల్లు నడుస్తోంది. అందుచేత ఈ సంకల్పం చెప్పగానే, మిల్లును పక్కన పెట్టుకొని బకెట్టులో కాగితం తీస్తావా అని ఇంట్లో అందరూ నవ్వారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆమె చిన్నతనంలో పాత కాగితాలను మెంతులతో కలిపి నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జును వెదురు చేటలకూ తట్టలకూ పూసేవారు కాబట్టి, ఆమె దృష్టిలో ఇది కొత్త పని కాదు.

నోటు పుస్తకాలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. వార్తాపత్రికల కాగితాన్ని ఎక్కువగా కలపను నూరి చేస్తారు గనుక కలప పోగులను అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అందులోనే ఉండిపోతుంది. ఎండ తగిలితే నాలుగు రోజులలో పచ్చబడి పెళుసెక్కుతుంది. రాసే కాగితానికి వాడే గుజ్జును రసాయనాలతో ఉడికించి లిగ్నిన్‌ను చాలావరకు తీసివేస్తారు. మెరిసే అట్టలను కూడా వదిలేశాను, వాటి మీది పూత నీటిలో విడిపోదు.

రాత్రికి ఒక కిలో కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పు ముక్కలుగా చింపి, వేడినీళ్ళలో నానబెట్టాను. కత్తెరతో కత్తిరించడం కన్నా చింపడమే మేలు, చింపిన అంచున పోగులు తెగిపోకుండా బయటికి వస్తాయి.

సెప్టెంబరు 21, ఆదివారం

వడ్రంగి చేత 30 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు లోకొలతతో రెండు చట్రాలు చేయించాను. అడుగు చట్రానికి కిటికీలకు వేసే దోమల జాలీని బిగించి కొట్టారు. దాని మీద కూర్చునే పై చట్రం ఖాళీగా, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తుతో ఉంటుంది. కాగితం మందాన్ని నిర్ణయించేది ఈ ఎత్తూ, టబ్బులోని గుజ్జు చిక్కదనమూనే. పన్నెండు లీటర్ల నీటికి వంద గ్రాముల పొడి కాగితం చొప్పున కలిపితే, చట్రాలను టబ్బులో ముంచి పైకెత్తే ఒక్కొక్క ముంపుకు సుమారు ఏడున్నర గ్రాముల గుజ్జు జాలీ మీద నిలుస్తుందని లెక్క కట్టుకున్నాను, అంటే చదరపు మీటరుకు 120 గ్రాముల కాగితం. మొదటి రెండు కాగితాలకు లెక్క సరిపోయింది. ఐదవది వచ్చేసరికి ఉల్లిపొర అయింది, ఎందుకంటే ప్రతి ముంపుతోనూ టబ్బులోని గుజ్జు తగ్గుతూ వస్తుంది, నీరు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఆ తరువాత రెండు కాగితాలకొకసారి ఒక చెంబెడు చిక్కటి గుజ్జు కలపడం అలవాటు చేసుకున్నాను.

మిక్సీలో తిప్పడం గురించి కూడా ఒక మాట రాసుకోవాలి. గుప్పెడు నానిన కాగితానికి జారులో ముప్పాతిక వంతు నీరు పోసి, అర నిమిషం తిప్పితే చాలు. మెత్తగా ఉంటే బాగుంటుందనుకొని ఒక వాయిని రెండు నిమిషాలు తిప్పాను. ఆ వాయితో తీసిన కాగితాలన్నీ ఆరిన తరువాత అప్పడాల్లా విరిగాయి. పోగులు పొడవుగా ఉండి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటేనే కాగితానికి బలం వస్తుంది. మిక్సీ బ్లేడు ఆ పోగులను విడదీయడంతో ఆగక ముక్కలు కూడా చేస్తుంది.

జాలీ మీద నుంచి తడి కాగితాన్ని పాత పంచె ముక్క మీదికి బోర్లించడమే ఈ పనిలో అసలైన మెళకువ. చట్రాన్ని ఒక అంచున ఆనించి, బొంగరం ఒరిగినట్లు నెమ్మదిగా రెండవ అంచు వైపు ఒరగనిచ్చి, వెనుకనుంచి స్పాంజితో నీరు పీల్చి, ఒక్క కదలికలో లేపాలి. సందేహిస్తే చిరుగుతుంది. పద్దెనిమిది తీయగా పదకొండు నిలిచాయి. వాటిని పంచె ముక్కలతో సహా రెండు పీటల నడుమ పేర్చి, పైన సన్నికల్లు పెట్టాను.

సెప్టెంబరు 28, ఆదివారం

ఆరుబయట తాడు మీద వేసిన కాగితాలు అంచులు ముందు ఆరి, నడుమ తరువాత ఆరి, గవ్వల్లా వంకర్లు పోయాయి. ఇనుప బీరువా తలుపుకు అతికించి ఆరబెట్టినవి మాత్రం చదునుగా, ఒక వైపు అద్దంలా నునుపుగా వచ్చాయి. ఇకమీదట బీరువా తలుపే మా ఆరుగది.

అక్టోబరు 5, ఆదివారం

మడత దగ్గర కాగితం పగులుతోంది. ఒకసారి పుస్తకమై, మళ్ళీ నాని, మళ్ళీ ఆరిన పోగులు పొట్టిబడి బిరుసెక్కుతాయి కాబట్టి, పడవకూ పెట్టెకూ కావలసిన మడతను అవి భరించలేవు. పొడుగు పోగులు కొన్ని కలపక తప్పదు. దసరాకు గెల కొట్టేసిన అరటి చెట్టు మొద్దు పెరటిలోనే పడి ఉంది. దాని బయటి పట్టలను ఒలిచి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా తరిగి, ఎండబెట్టి, అయిదు వందల గ్రాముల ఎండుముక్కలకు వంద గ్రాముల చాకలి సోడా చొప్పున కలిపి మూడు గంటలు ఉడికించాను.

ఇక్కడ తెలివితక్కువ పని ఒకటి చేశాను. పెద్దది కదా అని అల్యూమినియం తపేలాలో ఉడికించాను. సోడా అల్యూమినియాన్ని తినేస్తుందన్న సంగతి చదువుకున్నదే అయినా, పొయ్యి దగ్గర గుర్తుకు రాలేదు. గంట గడిచేసరికి తపేలా లోపలంతా నల్లబడింది, గుజ్జు కూడా బూడిద రంగుకు తిరిగింది. మిగిలిన సగాన్ని స్టీలు గిన్నెలోకి మార్చి పూర్తి చేశాను. ఉడికిన ముక్కలను కడిగి, బండ మీద చెక్క బాదుతో అరగంట బాదగా పట్టుదారంలా పోగులు విడివడ్డాయి. బాదడం వలన పోగు తెగదు, నలిగి పైపొర రేగుతుంది. ఆ రేగిన నూగులే ఆరేటప్పుడు పక్క పోగును అంటిపెట్టుకుంటాయి. మిక్సీకీ బాదుకూ ఉన్న తేడా ఇదే.

నాలుగు పాళ్ళ పుస్తకాల గుజ్జుకు ఒక పాలు అరటి నార చొప్పున కలిపి, కొంత గుజ్జులో దీపావళి పెట్టెల కోసం పసుపు వేశాను.

అక్టోబరు 12, ఆదివారం

పసుపు కాగితాలు పసుపుగా రాలేదు. సగం వాటి మీద ఎర్రటి మరకలు, రెండింటికైతే అచ్చంగా పెళ్ళికూతురి పాదాల రంగు. బీరువా తలుపు చూసి అత్తయ్య, “కాగితం సేస్తనని పారాణి కలిపినావేటే?” అన్నారు. ఆ మాటతోనే విషయం తెలిసింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది. సున్నం చేసే పనినే చాకలి సోడా కూడా చేస్తుంది. నేను అరటి నారను నాలుగు నీళ్ళు కడిగి సరిపోయిందనుకున్నాను, నార లోపల సోడా ఇంకా మిగిలే ఉంది.

దీనిని తప్పుగా కాక పరికరంగా వాడుకోవచ్చునని తోచింది. వడపోత కాగితం ముక్కలకు పసుపు నీరు పట్టించి ఆరబెట్టి, ఒక డబ్బాలో వేసి ఉంచాను. నారను కడిగిన ప్రతి నీటిలోనూ ఒక ముక్క ముంచి చూస్తే, ఎరుపు తిరిగినంత కాలం ఇంకా కడగాలన్నమాట. తొమ్మిదవ నీటికి గాని ముక్క పసుపుగా నిలవలేదు. ఆ మిగిలిన సోడా పసుపు రంగును మార్చడంతో ఆగదు, ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్ని కూడా పాడు చేయవచ్చు. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుందని తెలుసు గనుక, దానిని పండుగ వారంలో చేతులు మారిపోయే పెట్టెలకే పరిమితం చేసుకున్నాను.

అక్టోబరు 19, ఆదివారం

రేపు దీపావళి. పన్నెండు పెట్టెలు పూర్తయ్యాయి. చదరపు కాగితం నాలుగు మూలలనూ నడుముకు మడిచి, గోడలు లేపే మామూలు పెట్టే ఇది, జిగురు అక్కరలేదు. 20 సెంటీమీటర్ల చదరం నుంచి ఏడు సెంటీమీటర్ల అడుగూ మూడున్నర సెంటీమీటర్ల ఎత్తూ వస్తాయి. నాలుగు మైసూరుపాకు ముక్కలకు సరిగ్గా చాలు. బజారు కాగితంతో చేసినప్పుడు మూతకు అర సెంటీమీటరు పెద్ద చదరం తీసుకుంటే సరిపోతుంది గాని, చేతి కాగితం మడతల దగ్గర మందమవుతుంది కాబట్టి పూర్తిగా ఒక సెంటీమీటరు పెంచి 21 తీసుకోవలసి వచ్చింది. మా చట్రం వెడల్పు అంతే కావడం కేవలం అదృష్టం.

మడిచే ముందు సిరా అయిపోయిన రీఫిల్లు మొనతో, స్కేలు ఆనించి గీత నొక్కుకుంటే మడత తిన్నగా వస్తుంది, నార పగలదు. లోపల అరటి ఆకు ముక్క పరిచాను. నెయ్యి ఓడి పెట్టె మీద మరక తేలితే ఎంత అందమైన కాగితమైనా మిఠాయి కొట్టు పొట్లంలాగే కనిపిస్తుంది.

అక్టోబరు 29, బుధవారం

మొంథా తుఫాను నిన్న రాత్రి ఆంధ్ర తీరం దాటింది. మూడు రోజులుగా ఇక్కడ ముసురు, ఈదురుగాలి. పడవల కోసం తీసిన ముప్పై కాగితాలలో ఒక్కటీ ఆరలేదు. ఈ ఉదయం పేర్పు తీసి చూడగా, లోపలి ఆరు కాగితాల మీద నల్లటి బూజు చుక్కలు కనిపించాయి. వాటిని తీసి పారవేశాను. బూజు పట్టిన గుజ్జును తిరిగి టబ్బులో వేస్తే మిగిలినదంతా పాడవుతుంది. తక్కినవాటిని కరెంటు ఉన్న రెండు గంటలలో, పైనా కిందా పంచె ముక్కలు వేసి ఇస్త్రీ చేశాను. సగం ఆరాక బీరువా తలుపుకు అతికించి, ఫ్యాను పెట్టాను. ఇరవై నాలుగు దక్కాయి.

నవంబరు 2, ఆదివారం

పక్కింటి మావుసిది (ఒడియాలో పిన్నిని అలా పిలుస్తారు) ఒడియా కుటుంబం. వాళ్ళకు ఇవి కార్తికం చివరి అయిదు రోజులు, పంచుక. కొంగ కూడా చేప ముట్టదని చెప్పుకొనే రోజులివి. ఒడియా వారికి మాసం పూర్ణిమతో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. ఈ ఏడు వాళ్ళ కార్తికం నవంబరు 5తో పూర్తవుతుంటే మాది 20 వరకు సాగుతుంది. మావుసి ఇంటి పిల్లలతో కలిపి మా వీధి పిల్లలందరికీ ఒక్కొక్క పడవ చొప్పున ఇస్తానని నేను మాట ఇచ్చింది వాళ్ళ ముగింపు రోజు కోసం: బొయితొ బొందాణొ, అంటే ఓడలకు వందనం. పూర్వం ఒడియా వర్తకులు ఈ ఋతువులోనే జావా, బాలీ ద్వీపాలకు ఓడలలో బయలుదేరేవారన్న జ్ఞాపకంతో, ఆ రోజు తెల్లవారుజామున అరటి పట్టతోనో కాగితంతోనో చేసిన చిన్న పడవలో దీపం, తమలపాకు, వక్క పెట్టి నీటిలో వదులుతారు. బజారులో థర్మోకోల్ పడవలు ఇప్పటికీ అమ్ముతున్నారు. 2022 జులై నుంచి అలంకరణ థర్మోకోల్ నిషేధంలో ఉన్నా సరే.

మా పడవ 20 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, 4 ఎత్తు. లోపల అంచు వెంబడి వెదురు పుల్లను చింతపిక్కల జిగురుతో అతికించాను. వేయించి పొట్టు తీసిన పిక్కలను నానబెట్టి రుబ్బి, నీటిలో చిక్కగా ఉడికిస్తే వచ్చే జిగురు ఇది. పురీ వైపు పటచిత్రాలు వేసేవారు గుడ్డను గట్టిపరచడానికి వాడేది కూడా ఇదే. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం చిటికెడు వేస్తారు గాని, చేపలున్న నీటిలోకి వెళ్ళే వస్తువు కాబట్టి నేను వేయలేదు.

బకెట్టులో పరీక్షలు చేశాను. ఏమీ పూయని పడవ నాలుగు నిమిషాలలో మెత్తబడి కూలిపోయింది. గంజి పట్టించినది పదకొండు నిమిషాలు నిలిచింది. కొవ్వొత్తుల మైనాన్ని వేడినీళ్ళ గిన్నెలో పెట్టిన మరో గిన్నెలో కరిగించి, అందులో అడుగు ముంచి తీసినది రాత్రి వదిలితే తెల్లవారేదాకా తేలుతూనే ఉంది. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడెక్కితే ఆవిరే అంటుకుంటుంది.

ప్రమిద బరువుకు మునుగుతుందేమోనన్న భయం అక్కరలేనిదని లెక్కే చెప్పింది. నలభై గ్రాముల ప్రమిద, ఇరవై అయిదు గ్రాముల పడవ కలిసి నీటిలో దిగేది అర సెంటీమీటరు మాత్రమే. అసలు చిక్కు ఒరగడంలో ఉంది. ప్రమిద ఎత్తుగా ఉంటే చిన్న అలకే పడవ పక్కకు తిరగబడుతోంది. అడుగున పలుచగా తడి బంకమన్ను పరిచి ప్రమిదను అందులో దిగేసిన తరువాత, చేత్తో ఊపినా నిలదొక్కుకుంది. తెరచాపను ముందు కొనకూ దీపాన్ని వెనుక కొనకూ జరిపాను, ఒక పరీక్షలో తెరచాప అంటుకున్నాక.

నవంబరు 5, బుధవారం

నాగావళి తుఫాను నీటితో ఇంకా బురదగా, వడిగా పారుతోంది. అందుచేత వీధి అంతా చెరువుకు వెళ్ళాం. ఇరవై నాలుగింటిలో ఇరవై రెండు చక్కగా సాగాయి. ఒకటి మెట్టుకు తగిలి బోల్తా పడింది, ఒకదాన్ని చిన్నవాడు ఇంటికే తెచ్చుకున్నాడు.

నవంబరు 6, గురువారం

ఈ రోజు ఛాడఖాయి. నెల నోములు ముగిసిన ఒడియా ఇళ్ళన్నిటిలోనూ చేపల వేపుడు వాసన. మా ఇంట్లో ఇంకా పదిహేను రోజుల నియమం ఉంది గనుక కిటికీలు మూసుకున్నాం.

ఉదయం చెరువు దగ్గరకు వెళ్ళి చూస్తే, మైనం పడవలు పధ్నాలుగు ఒడ్డున గుర్రపుడెక్క మధ్య చెక్కుచెదరకుండా ఇరుక్కుని ఉన్నాయి. నిన్నటి వరకు నాకు గర్వకారణమైన ఆ దృఢత్వాన్ని చూస్తే ఈ రోజు సిగ్గు వేసింది. థర్మోకోల్‌ను తప్పుపట్టిన నేనే, కరగని మరో వస్తువును నీటిలో వదిలాను. ఏరుకొచ్చి, ప్రమిదలు కడిగి, కాగితాన్ని మళ్ళీ నానబెట్టి తిప్పి చూశాను. గుజ్జులో మైనం తెల్లటి పలుకులుగా తేలింది, దానితో తీసిన కాగితం మీద ఆ చోట్ల సిరా పట్టలేదు. ఆ గుజ్జు టబ్బుకు పనికిరాదు. అత్తయ్యకు ఇచ్చాను, పాత చేటకు పూసుకోవడానికి.

నవంబరు 16, ఆదివారం

మా కార్తికం ముగిశాక పోలి పాడ్యమి నవంబరు 21న. ఆ తెల్లవారుజామున అరటి దొప్పలలో నేతి వత్తులు వెలిగించి నీటిలో వదులుతాం. “దొప్ప ఉండగా కాగితం ఎందుకు?” అన్నారు అత్తయ్య. ఆ ప్రశ్నకు సరైన జవాబు నా దగ్గర లేదు. అయినా కాగితంతో కొన్ని చేసి చూస్తానని ఒప్పించాను.

ఇంతవరకు నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న పడవ ఎంతసేపు తేలుతుందని. అడగవలసినది దీపం ఎంతసేపు వెలుగుతుందని. నేతిలో తడిపిన పువ్వొత్తిని గడియారం ముందు వెలిగిస్తే, పద్నాలుగు నిమిషాలకు కొండెక్కింది. అంతకన్నా కొంచెం ఎక్కువసేపు నిలిచి, ఆ తరువాత విడిపోయే కాగితం కావాలి. అరటి నార పాలును సగానికి పెంచి, కాగితానికి రెండు వైపులా పలుచని చింతపిక్కల జిగురు పట్టించి, ఆరాక నున్నటి గులకరాయితో రుద్దాను. రుద్దితే పైపొర ముడుచుకొని నీరు చొరబడే సందులు తగ్గుతాయి. అడుగుకు మాత్రం బయటివైపు ఒక పూత ఆముదం రాశాను. పువ్వొత్తికి మట్టి ప్రమిద అక్కరలేదు, తమలపాకు చాలు.

బకెట్టులో ముప్పై మూడు నిమిషాలు తేలింది. మర్నాడు పొద్దున్నకు నీటి అడుగున మెత్తటి ముద్దగా దిగి ఉంది; వేలితో కదిపితే విడిపోయింది.

నవంబరు 21, శుక్రవారం

నాగావళి తేటబడింది. చలిలో వణుకుతూ రేవులో దిగి, అత్తయ్య తన ముప్పై వత్తుల అరటి దొప్పను ముందు వదిలారు. వెనుక నా తొమ్మిది పడవలు. ఏడు పడవలు వత్తి కొండెక్కే దాకా కనుచూపు మేరలో తేలాయి, రెండు ముందే చెమ్మగిల్లి ఒరిగాయి. వాటి అడుగుకు ఆముదం సమంగా పట్టలేదని ఇప్పుడు అనుకుంటున్నాను; దూదితో కాక వేలితో రాసినవి అవే. రేవు దగ్గర మావుసి కనబడి, తన పిల్లలకు సంక్రాంతి దాకా ఇంకేమైనా చేస్తావా అని అడిగింది. ఇంటికి వచ్చి మిగిలిన నోటు పుస్తకాలు తూచాను: ఒక కిలో తొమ్మిది వందలు. అందులో సగాన్ని బొమ్మల కొలువు మెట్లకు పరిచే రంగు కాగితాల కోసం నానబెట్టాను. ఈసారి పసుపు కాక, బీట్‌రూటు తొక్కుతో.